తెలుగు మీడియం చదువుతో పాశ్చాత్య తత్త్వశాస్త్రాన్ని ఇంగ్లీషులో చదవడం ఎలా

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి, ఆ తరవాత ఉద్యోగరీత్యా చెన్నై చేరుకున్న తెలుగువాళ్లలో తత్త్వశాస్త్రం మీద మనసుపడేవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు. వాళ్లు సాధారణంగా చేసే పని ఒక లావుపాటి చరిత్రగ్రంథం కొని, గ్రీకుల దగ్గరే ఆగిపోయి, తమ ఇంగ్లీషు చాలలేదని తేల్చుకోవడం. నేనూ అదే చేశాను. ఆరేళ్లుగా శని, ఆదివారాల్లో కూర్చుని చదివాక నాకు అర్థమైందేమిటంటే, మనం ఆగిపోవడానికి కారణం తెలియని మాటలు కావు. తెలియని మాట కనబడగానే నిఘంటువు తీస్తాం, నిమిషంలో పని అయిపోతుంది. తెలుసుననుకున్న మాట దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. పేజీ అంతా చదివినట్టే ఉంటుంది, చేతికి ఏమీ చిక్కదు. ఈ వ్యాసంలో ఎక్కువభాగం ఆ తెలిసిన మాటల గురించే.

మొదట ఏం చదవాలన్న ప్రశ్నకు నా జవాబు, చిన్నదైనా సరే ఒక మూలరచనను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవమని. బెర్ట్రండ్ రసెల్ 1945లో ప్రచురించిన పాశ్చాత్య తత్త్వశాస్త్ర చరిత్ర చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అందులో ప్రతి తాత్త్వికుడూ రసెల్ తీర్పును వెంటపెట్టుకునే వస్తాడు, కాబట్టి దాన్ని రెండో ఏడాదికి దాచుకోవడం మేలు. ప్లేటో రాసిన యూతిఫ్రోతో మొదలుపెట్టవచ్చు. పదిహేను, ఇరవై పేజీలకు మించని సంభాషణ అది. యూతిఫ్రో అనేవాడి పొలంలో పనిచేసే కూలీ ఒకడు తాగిన కోపంలో ఇంటి బానిసను చంపుతాడు. యూతిఫ్రో తండ్రి ఆ కూలీని కాళ్లూ చేతులూ కట్టి గోతిలో పడేయించి, ఏం చెయ్యాలో అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపుతాడు. ఆ మనిషి తిరిగి వచ్చేలోపు కూలీ ఆకలికీ చలికీ చనిపోతాడు. కన్నతండ్రి మీద హత్యానేరం మోపడానికి కోర్టుకు వచ్చిన కొడుకును, తన మీద పెట్టిన కేసు పని మీద అక్కడికే వచ్చిన సోక్రటీస్ ఆపి, దేవతల దృష్టిలో ఏది మంచి పనో నీకు అంత కచ్చితంగా తెలుసా అని అడుగుతాడు. కథ ఇంత స్పష్టంగా ఉంటే భాష దానంతటదే దారి ఇస్తుంది. దాని తరవాత క్రీ.పూ. 399 నాటి కోర్టు విచారణలో సోక్రటీస్ చెప్పుకున్న సమాధానం (ప్లేటో 'అపాలజీ'), ఆపైన దెకార్త్ 1641లో లాటిన్‌లో ప్రచురించిన ఆరు ధ్యానాలు ('మెడిటేషన్స్'), బర్క్లీ 1713లో రాసిన మూడు సంభాషణలు, హ్యూమ్ 1748లో మానవ అవగాహన గురించి రాసిన విచారణ ('ఎన్‌క్వైరీ'): ఈ వరసలో వెళితే ఏడాదిన్నరలో నిలదొక్కుకోవచ్చు. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో మొదటి రెండు భాగాలను ఎక్కడ చేర్చుకున్నా పరవాలేదు. కాంట్‌ను మాత్రం హ్యూమ్‌కు ముందు ముట్టుకోకూడదు. తనను మొద్దునిద్ర నుంచి లేపినవాడు హ్యూమేనని కాంటే స్వయంగా చెప్పుకున్నాడు.

చదివేటప్పుడు ప్రతి పేరాకూ మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న, ఈ మాట అంటున్నది ఎవరు అని. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం, ముందు వచ్చి సిద్ధాంతం తరవాత వస్తుందన్న సంగతి, ఆ గ్రంథాలు చదవనివాళ్లకు కూడా అంతోఇంతో తెలుసు. పాశ్చాత్యుల దగ్గరా అదే జరుగుతుంది. అయితే ఇది పూర్వపక్షం అని ముందుగా చెప్పి చేయరు. దెకార్త్ మొదటి ధ్యానంలో మహాశక్తి గల ఒక దుష్టభూతం నన్ను అన్నింట్లోనూ మోసం చేస్తుందేమో అంటాడు. అది ఆయన విశ్వాసం కాదు, ఎంతటి సందేహానికైనా తట్టుకునేది ఏదో తేల్చడానికి పెట్టుకున్న పరీక్ష. ఈ తేడా గుర్తించకుండా దెకార్త్ లోకమంతా మాయ అన్నాడని చెప్పి, మన అద్వైతంతో ముడిపెట్టేవాళ్లను నేను చాలాసార్లు చూశాను; ఆరో ధ్యానానికి వచ్చేసరికి ఆయన లోకాన్ని తిరిగి నిలబెడతాడన్న సంగతి, పుస్తకం మధ్యలో వదిలేసినవాళ్లకు తెలియదు.

ఇక చిన్న మాటల సంగతి. తాత్త్విక వాక్యంలో బరువంతా అవే మోస్తాయి. అనువాదాల్లో వాక్యం మొదట్లో 'నౌ' అని వస్తే చాలామంది 'ఇప్పుడు' అని చదువుకుని ముందుకు పోతారు. అక్కడ దానికి కాలంతో సంబంధం లేదు. వాదంలో తరవాతి మెట్టు ఎక్కుతున్నామని చెప్పే మాట అది, మన 'ఇకపోతే' లాంటిది. అలాగే వాక్యం మొదట్లో వచ్చే 'ఫర్' అంటే 'ఎందుకంటే'. దాన్ని 'కోసం' అనుకున్నవాడికి ఏది ఫలితమో, ఏది హేతువో తలకిందులవుతుంది. 'ఆర్' అన్నింటికంటే ప్రమాదకరం. స్పినోజా నీతిశాస్త్రంలో 'గాడ్ ఆర్ నేచర్' అన్నది ప్రసిద్ధమైన మాట. దాన్ని 'దేవుడు లేదా ప్రకృతి' అని చదివితే, రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నట్టు ఉంటుంది. లాటిన్‌లో అక్కడున్నది 'సీవె'. దానికి అర్థం 'అనగా'. దేవుడు, అనగా ప్రకృతి. ఒక్క అవ్యయంతో ఆ పుస్తకం మొత్తం మారిపోతుంది. నేను మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలుతో ఇలాంటి మాటల చుట్టూ మాత్రమే గుండ్రాలు చుడతాను. మిగతా గీతలన్నీ రెండోసారికి.

పొడవాటి వాక్యాన్ని విప్పే పద్ధతికి హ్యూమ్ విచారణలోని రెండో అధ్యాయం మొదటి వాక్యం మంచి ఉదాహరణ. అతివేడిమి వల్ల మనిషి బాధపడుతున్నప్పుడో, గోరువెచ్చదనం వల్ల సుఖపడుతున్నప్పుడో మనసులో ఉండేదానికీ, ఆ అనుభూతిని తరవాత జ్ఞాపకం చేసుకున్నప్పుడో, రాబోయేదాన్ని ముందుగా ఊహించుకున్నప్పుడో ఉండేదానికీ చాలా తేడా ఉందని ఎవరైనా ఒప్పుకుంటారు: ఇదీ దాని సారం. మండు వేసవి అగ్నినక్షత్రం రోజుల్లో మధ్యాహ్నం బస్సుస్టాపులో నిలబడటం వేరు, మార్గళి చలిలో ఆ ఎండను తలుచుకోవడం వేరు అన్నంత మామూలు సంగతి. ఇంగ్లీషులో ఈ వాక్యం 'ఒప్పుకుంటారు' అన్న క్రియతో మొదలై వెనక తోకలు పెంచుకుంటూ పోతుంది. తెలుగులో క్రియ చివరికి రావాలి కాబట్టి, అదే వరసలో అనువదించుకుంటూ పోతే మధ్యలో తెగిపోతుంది. అందువల్ల ముందు క్రియను, దాని కర్తను పట్టుకోవాలి. ఒప్పుకున్న సంగతి ఏమిటో తరవాత వెతకాలి. 'ఎప్పుడు' అన్న ఉపవాక్యాలను విడివిడి వాక్యాలుగా తెలుగులో రాసుకోవాలి. నాలుగు చిన్న వాక్యాలు వస్తాయి. రాసుకున్నాక మూలాన్ని మళ్లీ ఒక్క ఊపున చదివితే, ఆ పొడవు ఎందుకు అవసరమైందో కూడా తెలుస్తుంది.

అదే వాక్యంలో రెండు ఉచ్చులు ఉన్నాయి. 'ఎలౌ' అంటే అక్కడ అనుమతించడం కాదు, ఒప్పుకోవడం. 'పర్సెప్షన్' అంటే ఇంద్రియాలతో గ్రహించడం మాత్రమే కాదు. హ్యూమ్ దృష్టిలో మనసులో ఉన్న ప్రతిదీ పర్సెప్షనే, జ్ఞాపకంతో సహా. దాన్ని ఆయన రెండుగా విడగొట్టి, చురుకైనవాటిని ఇంప్రెషన్లనీ, వాటి మసక నకళ్లను ఐడియాలనీ అన్నాడు. ఐడియా అన్న మాట కూడా ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క వేషం వేస్తుంది. ప్లేటో గురించి చెప్పేటప్పుడు అది మనిషి తలలో ఉండేదే కాదు, వస్తువులకు ఆవల మారకుండా ఉండే రూపం; ఇంగ్లీషు తాత్త్వికుడు జాన్ లాక్ దగ్గర ఆలోచనకు విషయమయ్యే ఏదైనా; హ్యూమ్ దగ్గర నకలు. 'భావం' అన్న ఒక్క తెలుగుమాటతో ముగ్గురినీ చదివేసినవాడు ముగ్గురినీ చదవనట్టే. దెకార్త్ మూడో ధ్యానంలో 'ఆబ్జెక్టివ్ రియాలిటీ' అన్న మాట ఇంకా దారుణం. ఇవాళ మనం ఆబ్జెక్టివ్ అంటే మన తలపుతో నిమిత్తం లేకుండా బయట ఉన్నది అనుకుంటాం. ఆయన వాడుకలో అది భావం తనలో చూపిస్తున్న వస్తువుకు సంబంధించిన సత్త. అంటే దాదాపు తలకిందులు. ఏ పదమైనా ఇప్పటి అర్థంతో వాక్యాన్ని వెర్రిమొర్రిగా మారుస్తుంటే తాత్త్వికుణ్ని అనుమానించే ముందు పదాన్ని అనుమానించాలి. హ్యూమ్ కాలపు మాటలకు జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు చక్కగా పనికొస్తుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పాతబడిందని తీసిపారేయకండి. పాత ఇంగ్లీషుకు పాత తెలుగు అర్థాలే ఒక్కోసారి సరిగ్గా అతుకుతాయి.

అనుమానించడం అన్నాను కదా, ఆ మాటే చూడండి. వాడుకలో అనుమానం అంటే సందేహం. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో అనుమానం ఒక ప్రమాణం, అంటే తెలుసుకునే మార్గం: పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం. దెకార్త్ సందేహాన్ని అనుమానం అని నోట్సులో రాసుకుని, హ్యూమ్ చెప్పే ఇన్‌ఫరెన్స్‌ను కూడా అనుమానం అనే రాసుకుని, రెండు నెలల తరవాత నా పుస్తకం నాకే అర్థం కాక తల పట్టుకున్నాను. అప్పటినుంచి మొదటిదానికి సంశయం, రెండోదానికి అనుమితి అని వాడుతున్నాను. సంస్కృతం నుంచి వచ్చిన తాత్త్విక పదజాలం తెలుగువాడికి పెద్ద ఆస్తి. చైనా, అరబ్బు పాఠకులకు వాళ్ల సంప్రదాయాలు ఎలాగో మనకు ఇది అలాగ. కానీ ఆ పదాలు ఖాళీ గిన్నెలు కావు, వాటిలో ముందే పదార్థం ఉంది. దెకార్త్ మనిషిని మైండ్, బాడీ అని రెండుగా కోశాడు. మనం వాటిని మనస్సు, శరీరం అని రాసుకుంటే ఏదో తెలిసిన సంగతిలా ఉంటుంది. కపిలుడి పేరు మీద నడిచే సాంఖ్య దర్శనంవాళ్లు కూడా రెండుగానే కోశారు, అయితే వాళ్ల కత్తి వేరే చోట పడింది: మనస్సూ బుద్ధీ కూడా ప్రకృతి వైపుకే పోయాయి, అవి జడం, చూసేవాడు పురుషుడు ఒక్కడే అవతల మిగిలాడు. దెకార్త్ మైండ్‌లో సందేహించడం, ఇష్టపడటం, ఊహించడం అన్నీ ఉన్నాయి. ఈ పోలిక పనికిరానిది కాదు, చాలా పనికొచ్చేది. అయితే అది చదవడం పూర్తయ్యాక చేసుకోవలసిన పని. చదువుతుండగానే చేస్తే దెకార్త్ నోట కపిలుడు మాట్లాడతాడు.

తెలుగు పదం సరిపోయిందో లేదో పుస్తకమే పరీక్షించి చెబుతుంది. యూతిఫ్రోలో అడిగేదాన్ని ఇంగ్లీషులో పయిటీ అంటారు. నేను మొదట దానికి ధర్మం అని పెట్టుకున్నాను. సగం దాటాక, పుస్తకం అంచున ఉండే స్టెఫానస్ అంకె 12 దగ్గర, పయిటీ జస్టిస్‌లో ఒక భాగమని సోక్రటీస్ ఒప్పిస్తాడు. జస్టిస్‌కు ధర్మమే సరైన మాట అనిపించింది, అదేమో అప్పటికే ఖర్చయిపోయింది. వెనక్కి వెళ్లి పయిటీని దైవవిహితం అని మార్చుకుంటే అన్నీ సర్దుకున్నాయి. పదో అంకె దగ్గర వచ్చే అసలు ప్రశ్న మాత్రం తెలుగులో ఇంగ్లీషుకంటే తేటగా వస్తుంది: దేవతలు ఇష్టపడుతున్నారు గనుక అది దైవవిహితమా, దైవవిహితం గనుక దేవతలు ఇష్టపడుతున్నారా? మన 'గనుక' ఆ వాక్యంలో ఎటు తిరిగితే అర్థం అటు తిరుగుతుంది.

స్టెఫానస్ అంకెలంటే, 1578లో ఆన్రి ఎతియెన్ అచ్చువేసిన ప్లేటో గ్రంథం పేజీ సంఖ్యలు. ఆ ముద్రాపకుడి లాటిన్ పేరే స్టెఫానస్. ఏ అనువాదంలోనైనా అంచున అవి ఉంటాయి, ఉండాలి. అరిస్టాటిల్‌కు 1831 నాటి బెక్కర్ అంకెలు, కాంట్ మొదటి విమర్శకు ('క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్') 1781 ముద్రణను ఎ అనీ 1787 ముద్రణను బి అనీ సూచించే అంకెలు ఇలాంటివే. కొనే ముందు అంచు చూడండి, ఆ తరవాత అనువాదకుడి పేరు చూడండి. ఒకసారి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని దెకార్త్ ధ్యానాలు తెప్పించాను. అనువాదకుడి పేరు ఎక్కడా లేదు. పాదసూచికలు పేరాల మధ్యలోకి దూరిపోయి ఉన్నాయి. ఒకచోట దేవుడి ఉనికికి నిరూపణ నడుస్తుండగా హఠాత్తుగా ఎవరో సంపాదకుడు లాటిన్ వ్యాకరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అది కూడా తాత్త్విక పద్ధతేమో అనుకుని వారం రోజులు దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాను.

ప్లేటోకు జోవెట్ పందొమ్మిదో శతాబ్దంలో చేసిన అనువాదం ఉచితం, చదవడానికి అందంగా ఉంటుంది, కానీ ఆ అందం ఒక్కోసారి వాదంలోని గరుకుదనాన్ని కప్పేస్తుంది. జాన్ కూపర్ సంపాదకత్వంలో 1997లో వచ్చిన సమగ్ర సంపుటిలోని అనువాదాలు మనలాంటివాళ్లకు నయం. దెకార్త్‌కు కాటింగ్‌హామ్ అనువాదం. హ్యూమ్, లాక్, బర్క్లీలు ఇంగ్లీషులోనే రాశారు కాబట్టి అనువాదం గొడవ లేదు, కాకపోతే ఆ ఇంగ్లీషు మూడు వందల ఏళ్ల నాటిది. మరీ చిక్కుబడితే జొనాథన్ బెన్నెట్ అనే తాత్త్వికుడు వాళ్ల రచనలను నేటి ఇంగ్లీషులోకి తేటపరిచి ఉచితంగా అందుబాటులో పెట్టినవి ఉన్నాయి. మూలంలో ఒక పేరాతో కనీసం పావుగంట కుస్తీ పట్టాకే వాటిని తెరవాలని నేను పెట్టుకున్న నియమం. వివరణలకు 1995లో మొదలైన స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం చాలు. కూర్చోవడానికి చోటంటే, కోట్టూరుపురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో మన పుస్తకం మనం తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది. ఎగ్మూరులో మ్యూజియం ప్రాంగణంలోని కన్నెమెరా గ్రంథాలయం 1896 నాటిది. ఎండాకాలంలో నేను మొదటిదానికే ఓటు వేస్తాను. తిరుత్తణిలో తెలుగు ఇంట 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ ఊళ్లోనే, మద్రాసు క్రైస్తవ కళాశాల తాంబరానికి ఇంకా తరలిపోక ముందు, జార్జిటౌన్‌లో ఈ పుస్తకాలే ఇంగ్లీషులో చదివాడన్నది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

వేగం గురించి బెంగ వద్దు. ధ్యానాల్లో గంటకు మూడు పేజీలు నాకు ఇప్పటికీ మంచి వేగమే. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద వాదంలోని మెట్లను ఇంగ్లీషులో, వాళ్ల మాటల్లోనే, ఒక్కొక్క పంక్తిలో రాస్తాను. కుడి పేజీ మీద అదే వాదాన్ని మూలం చూడకుండా తెలుగులో రాస్తాను. కుడి పేజీ ఖాళీగా మిగిలిన చోటే నాకు అర్థం కాని చోటు. ఇంగ్లీషులో తిరగరాస్తే ఇది బయటపడదు, ఎందుకంటే వాళ్ల వాక్యాన్నే కాస్త అటూ ఇటూ జరిపి అర్థమైందని మనల్ని మనం నమ్మించుకోగలం.

ఆ కుడి పేజీని వినిపించడానికి ఇంకో మనిషి ఉంటే మరీ మంచిది, ఆ మనిషికి ఇంగ్లీషు పుస్తకం మీద భక్తి లేకపోతే ఇంకా మంచిది. మా అపార్టుమెంటులో కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డు తెలుగు మాస్టారు ఒకరున్నారు. రెండో ధ్యానంలోని మైనం ముక్క గురించి ఆయనకు చెప్పబోయి 'సబ్‌స్టెన్స్' అన్నాను. "అదేదో మన మాటల్లో చెప్పు నాయనా, నాకు అట్లా అంటే కుదరదు" అన్నారు. తేనెపట్టు నుంచి అప్పుడే తీసిన మైనం. తేనె రుచి పూర్తిగా పోలేదు, పూల వాసన కొంత మిగిలి ఉంది, గట్టిగా చల్లగా ఉంది, వేలితో కొడితే చప్పుడు చేస్తుంది. నిప్పు దగ్గర పెట్టగానే రుచి పోయింది, వాసన పోయింది, రంగు మారింది, ఆకారం పోయింది, కొడితే చప్పుడు లేదు. అయినా అది ఆ మైనమే అంటాం. ఇంద్రియాలకు అందినవన్నీ మారిపోయాయి కదా, మరి అదే అని మనకు చెప్పిందెవరు? అక్కడ నేను 'మనసు' అన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపి, "మనసు చంచలం నాయనా, అది నిశ్చయించదు. నిశ్చయించేది బుద్ధి" అన్నారు. ఇంటికి వచ్చి చూస్తే దెకార్త్ కూడా అక్కడ కన్నూ కాదు, ఊహాశక్తీ కాదు, కేవలం మైండ్ చేసే పరిశీలనే మైనాన్ని గ్రహిస్తుందని పట్టుబట్టి చెబుతున్నాడు. ఆ పేరా వరకు 'బుద్ధి' అని రాసుకున్నాను. మరో చోట అది పనికిరాదని నాకు తెలుసు. పరీక్షిద్దామని కరెంటు పోయినప్పటి కొవ్వొత్తి ముక్క కూడా కరిగించి చూశాం. అది పారఫిన్, పూల వాసన ఎక్కడిది?

కాంట్ దగ్గరకు వచ్చేసరికి ఈ అలవాట్లన్నీ అవసరమవుతాయి, కాబట్టి ఆయన గురించి రెండే మాటలు. 1781 నాటి పెద్ద గ్రంథం జోలికి పోకుండా, దాన్నే క్లుప్తంగా చెప్పడానికి ఆయన 1783లో రాసిన ప్రొలెగోమినాతో మొదలుపెట్టండి. ఇన్‌ట్యూషన్ అంటే అక్కడ స్ఫురణ కాదు, వస్తువు నేరుగా మన ఎదుట పడటం. ట్రాన్సెండెంటల్ అంటే అతీతం కాదు, అనుభవం సాధ్యం కావడానికి ముందే ఉండవలసిన షరతులకు సంబంధించినది.

పుస్తకం పూర్తయ్యాక ఇంకొకరి వ్యాఖ్య చదివే ముందు, మీ అభ్యంతరాలను మీరే రాసుకోవాలి. దెకార్త్ విషయంలో ఇది ప్రత్యేకంగా కలిసొస్తుంది, ఎందుకంటే ఆయన ధ్యానాలను అచ్చుకు ముందే పండితులకు పంపించి, వాళ్ల అభ్యంతరాలనూ తన జవాబులనూ కలిపి 1641 ముద్రణలోనే వేయించాడు. మూడో వరస అభ్యంతరాలు హాబ్స్‌వి, నాలుగోవి ఆర్నో, ఐదోవి గసెండీ. మీరు రాసుకున్నది వీళ్లలో ఎవరైనా అడిగారా అని వెతకడం మొదలుపెడితే, పుస్తకం రెండోసారి చదివినట్టవుతుంది. ఆరో ధ్యానం వినిపించిన రోజు మాస్టారు తన కాఫీ గ్లాసు చూపించి, "సరే, ఒళ్లు లేని ఆ బుద్ధి దీన్ని ఎత్తమని చేతికి ఎట్లా చెబుతుంది? తొయ్యడానికి దానికి చెయ్యేదీ?" అన్నారు. అభ్యంతరాల్లో వెతికితే, గసెండీ దాదాపు ఇదే అడిగాడు. అదే ప్రశ్న ఇంకా సూటిగా 1643 మేలో బొహీమియా రాకుమార్తె ఎలిజబెత్ దెకార్త్‌కు రాసిన ఉత్తరంలో దొరికింది: దేహం కాని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని ఆమె అడిగింది. తరవాతి ఆదివారం ఆ ఉత్తరాన్ని తెలుగులో రాసి తీసుకెళ్లి వినిపించాను. మాస్టారు విని, "ఆ అమ్మాయికి ఏం జవాబిచ్చాడాయన?" అన్నారు. ఆ జవాబు ఇప్పుడు ఎడమ పేజీ మీద ఉంది. కుడి పేజీలో ఇంకా సగమే వచ్చింది.